విశాఖ చరిత్ర యెవరి చరిత్ర?

2025వ సంవత్సరము మే నెల 7వ తేదీన తెలుగునాట రెండు నగరములకు ఒకే పాఠము చెప్పబడినది. ఆనాటి తెల్లవారుజామున మన సైన్యము సరిహద్దునకు ఆవలి స్థావరములపై దాడి సలిపి యుండెను. ఆనాడే హైదరాబాదులోను విశాఖపట్టణములోను సైరనులు మ్రోగినవి. శత్రువిమానములు వచ్చినయెడల జనులు ఎట్లు మెలగవలెనో నేర్పుటకై ప్రభుత్వము దేశమంతట నడపిన యభ్యాసమది. మన రాజధానియందు సికింద్రాబాదు, గోలకొండ, కంచన్‌బాగు, మౌలాలి ప్రాంతములలో అది జరిగెను. చూడవచ్చినవారు చూచిరి. సెల్‌ఫోనులతో చిత్రములు పట్టుకొనిరి. మరునాటికి మరచిరి. తెలుగునాట నిన్ని ఊళ్లుండగా ఈ రెండింటినే యేల యెన్నిరను ప్రశ్న మాత్రము మాకెవరి నోటను వినరాలేదు.

ఆ ప్రశ్నకు ఉత్తరమును విశాఖపట్టణము 1942లోనే చెప్పియున్నది. ఓడలు కట్టు చోటును, ఇనుము కరగించు చోటును, ఆయుధములు దాచు చోటును శత్రువు మరువడు. మరచువారము మనమే. ఒక ఊరు కర్మాగారములను తెచ్చుకొన్ననాడు కూడుతోపాటు గురియు తెచ్చుకొన్నదని యెవరును ఆ యూరివారికి చెప్పరు. చెప్పకుండుటయే దేశభక్తియని కొందరును, చెప్పుటకేమున్నదని మరికొందరును తలంచుచున్నారు. ఈ రెండు తలంపులను ఖండించుటకే మేమీ వ్యాసము వ్రాయుచున్నాము.

సముద్రమునకు వందలమైళ్ల దూరముననున్న గౌడవెల్లివారికి విశాఖపట్టణముతో నేమి పనియని చదువరులు అడుగవచ్చును. మా యూరిమీదుగా సికింద్రాబాదునుండి నిజామాబాదునకు పోవు రైలుమార్గము సాగుచున్నది. ఒకవైపున మేడ్చలు పారిశ్రామికవాడ, మరియొకవైపున శామీరుపేట దాపుల మందులు, టీకాలు తయారుచేయు శాలలు, దుండిగల్లున వైమానికదళ విద్యాలయము, హకీంపేటన విమానస్థావరము. నిన్న జొన్నచేలున్నచోట నేడు ప్రహరీగోడలు లేచినవి. ఆ గోడల లోపల నేమి యున్నదో బయట కాపురమున్నవారికి తెలియదు. విశాఖపట్టణము నూరేండ్లక్రింద ఏ దశయందుండెనో మేమిప్పుడు ఆ దశయందే యున్నాము. ముందునడచినవాడు గోతిలో పడినచో వెనుకవాడు దానిని తెలిసికొనుట తప్పుగాదుగదా!

విశాఖపట్టణపు చరిత్రను నేడు జనులకు చెప్పు తీరెట్టిది? సముద్రతీరమున కురుసుర యను జలాంతర్గామిని ఒడ్డునకు లాగి 2002లో ప్రదర్శనశాలగా చేసిరి. బాలురు టిక్కెట్టు కొని లోపల దూరి యంత్రములు చూచి సంతోషింతురు. 1971వ సంవత్సరము డిసెంబరు 3, 4 తేదీల నడిరేయి గాజీ యను పాకిస్తాను జలాంతర్గామి ఆ రేవు బయట మునిగిపోయిన కథను మార్గదర్శకులు చెప్పుదురు. ఆ కథ చలనచిత్రముగ కూడ వచ్చినది. మా బడిలో గాజీ పేరెరుగని పిల్లవాడు లేడు. నావికుల ధైర్యమును మేము తక్కువచేయము. కాని యుద్ధముయొక్క కథ యంతయు ఉక్కుతోను మందుగుండుతోను ముగిసినచో ఆ యూరి జనమెక్కడ? వంట చేయుచున్న యిల్లాలెక్కడ? మూటలు మోయుచున్న కళాసీ యెక్కడ? గాజీ నెరిగిన ఆ పిల్లలలోనే 1942వ సంవత్సరము ఏప్రిల్ 6వ తేదీన ఆ యూరిపై బాంబులు పడినవని యెరిగినవాడు మాకు ఒక్కడును కనబడలేదు.

పిల్లలదేమి తప్పు? పెద్దలు చెప్పినదే వారు నేర్తురు. ఆ యూరు ఏరీతి గురియయ్యెనో కొంచెము వివరింతుము.

విశాఖపట్టణము పూర్వము బట్టలవర్తకమునకు పేరుగన్న చిన్న యూరు. ఇతరుల కలహములు దాని నెత్తిపై పడుట క్రొత్తగాదు. 1757లో ఫ్రెంచివాడైన బుస్సీ వచ్చి అక్కడి యింగ్లీషువారి కోటను పట్టుకొనెను. మరుసటియేడు ఫోర్డు అను ఇంగ్లీషు సేనాని ఆ తీరముననే దిగి చందుర్తియొద్ద ఫ్రెంచివారి నోడించెను. 1804లో మరల ఫ్రెంచి నౌకలు వచ్చి రేవుముందరనే ఇంగ్లీషువారి యుద్ధనౌకతో పోరాడినవి. ఇందులో ఏ కలహమును విశాఖవారు తెచ్చుకొన్నది కాదు. ఐనను నాటి యూరు చిన్నది. అది కోల్పోవలసినదియు కొద్దిదే.

పిమ్మట యంత్రయుగము వచ్చెను. మధ్యపరగణాల సరకు సముద్రమునకు చేరుటకు విశాఖపట్టణమే తగిన ద్వారమని చాలకాలము ముందే కొందరు వాదించిరి. ఆ మాట నెరవేరుటకు పెక్కేండ్లు పట్టెను. రాయపూరునుండి విజయనగరమువరకు రైలుదారి 1931లో ముగిసెను. ఉప్పుటేటి బురదను త్రవ్వి, జానస్, వెల్లెడ్సన్ అను రెండు ముసలి ఓడలను రేవుముఖమున కావలెననియే ముంచి, వానిని అలలకడ్డుగా నిలిపిరి. 1933 అక్టోబరు 7వ తేదీన జలదుర్గ యను స్వదేశీయ నౌక మొదట రేవులో ప్రవేశించెను. ఆ డిసెంబరులో వైస్రాయి విల్లింగ్‌డన్ వచ్చి ప్రారంభోత్సవము జరిపెను. మాంగనీసు ఖనిజము ఓడలకెక్కసాగెను. రైలుకూలి, రేవుకూలి వెదకికొనుచు చుట్టుపట్టుల పల్లెలవారు వచ్చి చేరిరి. 1931లో సుమారు 57 వేలుగానున్న జనసంఖ్య 1941 నాటికి 70 వేలాయెను. యుద్ధము ప్రారంభమైన కొలది నెలలకే, 1939 డిసెంబరులో, నౌకాదళమువారు అక్కడ స్థావరమేర్పరచిరి. 1941 జూన్ 21వ తేదీన సింధియా కంపెనీవారి నౌకానిర్మాణశాలకు బాబూ రాజేంద్రప్రసాదుగారు శంకుస్థాపన చేసిరి.

చదువరులు ఈ వరుసను గమనింతురుగాక. రైలు, రేవు, నౌకాదళము, నౌకానిర్మాణశాల—నాలుగును పదేండ్లలోపల ఒక్కచోట చేరినవి. ప్రతిదానికిని ఉత్సవము జరిగెను; ఉపన్యాసములు జరిగెను. ఈ నాలుగును కూడినచోట మన కాపురములకు ఏమి కాపుదలయని అడిగినవారెవరు? అడుగుటకు సామాన్యునకు హక్కెక్కడిది? ఊరును పెంచినవారు వేరు. ఊరిలో నున్నవారు వేరు. మేము ఖండించు దోషమునకు మూలము ఇదియే.

ఇక 1942. రంగూనుపై జపానువారి బాంబులు 1941 డిసెంబరు 23వ తేదీననే పడినవి. బర్మాలో రేవుకూలీలుగ, మిల్లుకూలీలుగ బ్రదుకుచుండిన తెలుగువారు వేలకొలదిగ నుండిరి. వారిలో పెక్కుమంది విశాఖపట్టణపు జిల్లావారు, గోదావరి జిల్లాలవారు. అక్కడివారు వారిని కోరంగీలని పిలిచెడివారు. ఓడ దొరకినవారు మన రేవులలో దిగిరి. దొరకనివారు అడవులవెంట కొండలవెంట నడచి దారిలో కలరాతోను ఆకలితోను రాలిరి. మార్చి 8వ తేదీన రంగూను పడిపోయెను. మార్చి 23వ తేదీన అండమానులు జపానువారి వశమయ్యెను. ఏప్రిల్ 5వ తేదీన కొలంబోపై దాడి జరిగెను. మరునాడు, అనగా ఏప్రిల్ 6వ తేదీ సోమవారమున, ర్యూజో యను విమానవాహకనౌకనుండి లేచిన విమానములు విశాఖపట్టణముపైనను కాకినాడపైనను బాంబులు వేసినవి. రెండవ ప్రపంచయుద్ధమున భారత ప్రధానభూమిపై పడిన మొదటి బాంబులవి. అవి పడినది కలకత్తాపై కాదు, మద్రాసుపై కాదు. మన తెలుగు రేవులపై. ఆ వారముననే బంగాళాఖాతమున ఇరువదివరకు వర్తకనౌకలు మునిగిపోయినవి.

ఎదిరించుటకు అక్కడ మన విమానములు లేవు. రేవును కట్టుటకు ధనముండెను. కాచుటకు సాధనములు లేకపోయెను. మృతుల సంఖ్య రెండుచేతుల వ్రేళ్లపై లెక్కింపదగినది. నాడు పడియు ప్రేలని బాంబొకటి విశాఖ మ్యూజియమున నేటికిని ప్రదర్శింపబడుచున్నది. బాంబును చూడగలము. బాంబుచే మడిసినవారి పేర్లు మేము చెప్పు పాఠ్యపుస్తకములలో వెదకితిమి, ఒక్కటియు లేదు. ఇనుపముద్దకు అద్దాలపెట్టెయు, మనుష్యునకు మరుపును! ఇదేనా మన చరిత్ర?

బాంబులకంటె పెద్ద కథ ఆ పిమ్మటిది. ఊరు ఖాళీయయ్యెను. కలవారు ముందు కదలిరి. లోపలి జిల్లాలలో బంధువులున్నవారు, రైలుకూలికి బండికూలికి సొమ్మున్నవారు, తాళము వేసిపోవుటకు ఇల్లున్నవారు కదలిరి. ఆంధ్రవిశ్వవిద్యాలయము గుంటూరునకు తరలిపోయి 1946వరకు అక్కడనే యుండెను. మద్రాసునగరమున ప్రభుత్వమే తన కార్యాలయములలో పెక్కింటిని ఆ నెలలోనే లోపలి యూళ్లకు పంపివేసెను. నౌకానిర్మాణశాలలో పని నిలిచిపోయెను. విద్యాలయము తరలుట తప్పని మేమనము. విద్యార్థుల ప్రాణములు విలువగలవియే. కాని విశ్వవిద్యాలయమునకు గుంటూరు దొరకెను, కళాసీకి ఏ గుంటూరు దొరకెను? పని పోయిన దినకూలికి ఎవరు తాళము, ఎవరు తావు ఇచ్చిరి? ఊరు ఖాళీయైనదని చెప్పునప్పుడు మనము పెద్దవీధులను చూచి చెప్పుచున్నాము. రేవు నడువవలె ననిన మోయువాడు ఉండవలెను. వీధి ఊడ్చువాడు ఉండవలెను. ఆసుపత్రిలో రోగికి నీరిచ్చునది ఉండవలెను. పోలేనివారును పోరానివారును మిగిలియుండుటచేతనే ఊరు మరల ఊరయ్యెను.

ఆనాడు జనులు పారిపోయినది పిరికితనముచేతనని హేళనచేయువారు కొందరు కలరు. ఈ హేళన అన్యాయము. రంగూనున నేమి జరిగెనో కన్నులార చూచి వచ్చినవారు ఆ వీధులలోనే యుండిరి. అక్కడ వీధులలో నిలిచి ఆకాశమువంక వింతగా చూచినవారు వందలకొలదిగ కూలిరని వారు చెప్పుచుండిరి. ఇటు పత్రికలపై యుద్ధకాలపు కట్టుబాట్లుండెను. ప్రభుత్వము పలుకదు, పత్రిక పలుకరాదు, కాందిశీకుడు మాత్రమే పలుకుచుండెను. నిజము నోరు మూసికొన్నచోట వదంతి సభ చేయును. జపానువారి నౌకలు ఒడ్డున దిగుచున్నవని మద్రాసువరకు పుకారు ప్రాకెను. ఊరిని ఖాళీచేయించినది ఆ కొలది బాంబులేకాదు, ఆ పెద్ద మౌనముకూడ. జనులను నమ్మి నిజము చెప్పని పాలకులు జనులు తమ్ము నమ్మలేదని వగచుట హాస్యాస్పదము.

ఇప్పుడు మాపై రాగల ఆక్షేపణలను ఒక్కొక్కటిగ విచారింతము.

మొదటిది: "పదిమందికూడ చావని దాడికి ఇంత రచ్చయేల? లండనున, కలకత్తాలో, హిరోషిమాలో చచ్చినవారి ముందు ఇదెంత?" ఈ మాటను మేము చదువుకొన్నవారి నోటనే వింటిమి. లెక్క చిన్నదైనచో దుఃఖము చిన్నదగునా? ఆ పదిమంది లోపలివారిలో ఒక్కడు మీ యింటి పెద్ద యైనచో మీరు లండనుతో పోల్చి ఊరడిల్లుదురా? మరియు లండనువారు ఏమి చేసిరో యెరుగక ఆ పేరెత్తుట తగదు. యుద్ధమున మడిసిన పౌరుల పేర్లను, సైనికులవి కావు, పౌరులవి, 66 వేలకు పైగా ఊరూరి వరుసను వ్రాయించి ఆ గ్రంథములను వెస్టుమినిస్టరు ఆలయమున నుంచిరి. రాజులు పట్టాభిషేకము చేసికొను చోట పాలమ్మిపేరును, బట్టలుదుకు దానిపేరును చోటుచేసికొన్నవి. కవెంట్రీ యనునది యంత్రములకు మోటారుబండ్లకు పేరుపడిన యూరు. 1940 నవంబరు 14వ తేదీ రాత్రి జర్మను విమానములు దానిని దహించెను. ఆ యూరివారు కాలిన తమ దేవాలయపు గోడలను పడగొట్టక అట్లే నిలిపి, ప్రక్కనే క్రొత్తది కట్టుకొనిరి. హిరోషిమాలో మృతుల పేర్లుగల పుస్తకమును స్మారకశిల క్రింద నుంచి, ఏటేట ఆగస్టు 6వ తేదీన క్రొత్త పేర్లు చేర్చుచున్నారు. మనపై బాంబులు వేసిన దేశమే తన మృతుల పేర్లను అట్లు కాపాడుకొనుచున్నది. లక్షల పేర్లు వ్రాసికొన్నవారు కలరు. మనము పది పేర్లు వ్రాసికొనలేకపోతిమి. లెక్క చిన్నదగుట మన సోమరితనమును పెంచి చూపుచున్నదేగాని తగ్గించుటలేదు.

రెండవది: "భయపు కథలు చెప్పినచో పిల్లలు పిరికివారగుదురు, దేశాభిమానము సన్నగిల్లును." దేశాభిమానము నిజమును చూచి కరగిపోవు మంచుగడ్డయా? దేశమనగా నేల మాత్రమే కాదు, ఆ నేలపై నున్న మనుష్యులని మన పెద్దలు నూరేండ్లక్రిందటనే బోధించిరి. ఆ మనుష్యులు పడిన పాటును దాచి, ఓడల బరువును ఫిరంగుల పొడవును మాత్రమే నేర్పినచో పిల్లవాడు యుద్ధమును తిరునాళ్లవలె తలంచును. అట్టివాడు సైరను మ్రోగినప్పుడు దాగుకొనుటకు మారుగ చిత్రము పట్టుకొనుటకు మేడయెక్కును. మొన్నటి మే నెలలో చూచితిమిగదా! రంగూనున ఆకాశమువంక చూచుచు కూలినవారి కథ తెలిసినవాడు మేడయెక్కడు. తెలివి భయమును పెంచదు; భయమునకు దారి చూపును.

మూడవది, బలమైనది: "పరిశ్రమలు లేక కూడెట్లు? మీరు చక్రమును వెనుకకు త్రిప్పుదురా?" మేము రాట్నపు కాలమునకు పొమ్మనుటలేదు. 1948 మార్చి 14వ తేదీన ఆ నౌకానిర్మాణశాలనుండి జల ఉష యను నౌకను జవహర్లాలు నెహ్రూగారు సముద్రమున ప్రవేశపెట్టినప్పుడు తెలుగువారందరు గర్వించిరి, మేమును గర్వింతుము. బాంబులచే పని నిలిచిపోయిన చోటనే, స్వతంత్రము వచ్చిన ఏడాదిలోపలనే, మనవారి చేతులు ఎనిమిదివేల టన్నుల సరకునోడను కట్టినవి. పరిశ్రమ మాకు శత్రువు కాదు. పరిశ్రమను దాచి నడుపుట శత్రువు. ప్రక్కింటివానికి చెప్పకుండ గడ్డివాములో నిప్పుదాచుట శత్రువు.

ఈ దాపరికము యుద్ధముతో పోలేదు, శాంతికాలమునకును సంక్రమించినది. 1997వ సంవత్సరము సెప్టెంబరు 14వ తేదీన విశాఖపట్టణపు నూనెశుద్ధి కర్మాగారమున గ్యాసు అంటుకొని యేబదిమందికి పైగా మడిసిరి. 2020వ సంవత్సరము మే నెల 7వ తేదీ తెల్లవారుజామున రసాయనశాలయొక్క తొట్టినుండి స్టైరీను ఆవిరి లేచి ఆర్.ఆర్. వెంకటాపురమున నిద్రించుచున్నవారిపై క్రమ్మెను. పండ్రెండుగురు మరణించిరి, వందలమంది ఆసుపత్రులపాలైరి. పరుగెత్తినవారు ఎటు పరుగెత్తవలెనో యెరుగక వీధులలోనే పడిపోయిరి. ఆ శాలలో సైరను ఉండియు మ్రోగింపబడలేదని ప్రభుత్వము నియమించిన విచారణసంఘమే తేల్చెను. చదువరులారా, ఈ తేదీని మరల చూడుడు. మే 7. సరిగా అయిదేండ్ల పిమ్మట, అదే తేదీన, అదే నగరమున, రాని శత్రువుకొరకు సైరనులు మ్రోగినవి. వచ్చిన మృత్యువునకు మ్రోగని సైరను రాని శత్రువునకు మ్రోగినది! శత్రువునుండి కాపాడుటకు అభ్యాసము చేయించువారిని మేము నిందింపము. కాని 1942లో మనకు చెప్పనిది 2020లోను చెప్పలేదు. మధ్య గడచినది డెబ్బదియెనిమిదేండ్లు. రాజ్యము మారినది, జెండా మారినది, ఊరు ముప్పదిరెట్లకు చేరువగా పెరిగినది. ఊరివానికి నిజము చెప్పవలెనను బుద్ధి మాత్రము పెరుగలేదు.

చరిత్రను వ్రాయుటకును సైరను మ్రోగించుటకును సంబంధమేమని యెవరైన అడిగినచో మా యుత్తరమిది. రెంటికిని మూలము ఒక్కటే—సామాన్యుడు లెక్కలోనికి వచ్చునా రాడా యను విచారము. చచ్చినవాని పేరు వ్రాయనక్కరలేదని తలంచువాడు, బ్రదికియున్నవానికి ముందుగ చెప్పనక్కరలేదని తలంచుట సహజము. 1942 మృతుల పేర్లను మనము వ్రాసి, బడిలో చదివించి, ఆ యూరి గోడలపై చెక్కియున్నచో, రేవునకు ప్రక్కన నూనె కర్మాగారము కట్టినప్పుడును, జనావాసముల నడుమ రసాయనపు తొట్లు నిలిపినప్పుడును, "మాకేమి కాపుదల?" అని యడుగు నలవాటు ఆ యూరికి వచ్చియుండును. మరచిన యూరు అడుగదు. అడుగని యూరిని ఎవరును లెక్కింపరు.

ఇది విశాఖవారి గొడవయేయని హైదరాబాదువారు నిశ్చింతగా నుండరాదు. మన నగరపు యంత్రపరిశ్రమలో కొంత యుద్ధపు బిడ్డయే. ఆల్విన్ కర్మాగారము 1942లోను, ప్రాగా టూల్సు 1943లోను, యుద్ధము నడుమనే పుట్టినవి. పిమ్మట క్షిపణులకు సంబంధించిన పరిశోధనాలయములు కంచన్‌బాగునకును, అణువిద్యుత్తుకు ఇంధనము చేయు శాల మౌలాలికిని వచ్చినవి. ఆ పేర్లనే మే నెల అభ్యాసమున మరల వింటిమి. అవి వచ్చుట తప్పుకాదు. వానిచుట్టు లక్షలమంది కాపురముండి, అందులో నేమి జరుగునో కాకపోయినను, కీడు మూడినప్పుడు ఏమి చేయవలెనో యైనను తెలియకుండుట తప్పు. రక్షణరహస్యములను మేము కోరము. తలుపు ఎటు తెరవవలెనో, ఏ దిక్కునకు నడవవలెనో, ముక్కునకు తడిగుడ్డ చుట్టవలెనో వద్దో, ముసలివారిని ఎవరు మోయవలెనో—ఇది ఏ రాజ్యమునకు రహస్యము?

కావున మేము కోరునవి మూడు.

మొదటిది విశాఖపట్టణమునుగూర్చి. 1942 ఏప్రిల్ 6వ తేదీన మరణించినవారి పేర్లను, దొరకినంతవరకు, ఆసుపత్రి లెక్కలనుండియు రేవు లెక్కలనుండియు తీసి, జలాంతర్గామి నిలిచిన ఆ తీరముననే రాతిపై చెక్కింపవలెను. దానికి పెద్ద ధనము అక్కరలేదు. ఒక్క మంత్రి పర్యటనకు కట్టు తోరణముల ఖర్చు చాలును. ఆ తేదీన ఏటేట ఊరి బడులలో ఒక్క గంట ఆ కథ చెప్పవలెను. 1997, 2020 మృతుల పేర్లుకూడ ఆ రాతిప్రక్కనే యుండుట ధర్మము. యుద్ధమున చచ్చినవానికొక గౌరవము, కర్మాగారమున చచ్చినవానికొక గౌరవము అను పంక్తిభేదము మనకేల?

రెండవది గృహస్థులనుగూర్చి, విశేషించి గృహిణులనుగూర్చి. 1942లో పదేండ్ల వయస్సున్నవారికి నేడు తొంబదియేండ్లు దాటినవి. తాటాకుబుట్టలో బియ్యము కట్టుకొని ఏ రాత్రి బయలుదేరిరో, ఏ యూరిలో ఎవరు చోటిచ్చిరో, ఎవరు తలుపు మూసిరో, బర్మా బియ్యము రాక ధరలు మండినప్పుడు ఏమి తినిరో చెప్పగల నోళ్లు ఇక కొలదిగనే మిగిలియున్నవి. ఆ నోళ్లలో పెక్కు ఆడువారివి. మగవారు చెప్పిన యుద్ధకథలు సర్కారు కాగితములలో నున్నవి. ఆడువారు చెప్పినవి వంటింటి గడప దాటలేదు. మీ యింట అట్టి ముదుసలి యున్నచో, ఆమె మాట మొదలుపెట్టినప్పుడు "పాత గోల మరల మొదలిడితివా, అవ్వా" అని త్రోసివేయకుడు. సెల్‌ఫోను మీ చేతిలోనే యున్నది. సైరనుల వింత పట్టుటకు పనికివచ్చినది అవ్వ మాట పట్టుటకు పనికిరాదా? ఆమె పోయినపిమ్మట ఏ విశ్వవిద్యాలయమును ఆమెను మరల రప్పింపజాలదు.

మూడవది మా ప్రాంతపు ఉపాధ్యాయులనుగూర్చి. పిల్లలచేత గోలకొండ నవాబుల వంశావళి వల్లెవేయింతుము; మంచిదే. దానితోపాటు ప్రతి పిల్లవాడును తన యింటికి రెండుమైళ్ల లోపలనున్న కర్మాగారమేదో, అందులో పనిచేయువారెవరో, అది ఎప్పుడు వచ్చెనో, అంతకుముందక్కడ ఏ చేను పండెనో, కీడు వచ్చినచో తెలియజేయుటకు ఏ సంకేతమున్నదో కనుగొని వ్రాసికొని రావలెను. ఆ కాగితములే ఈ ప్రాంతమునకు మొదటి నిజమైన చరిత్రయగును. ఆ ప్రశ్నలకు కర్మాగారపు కావలివాడు సమాధానము చెప్పకపోవచ్చును. పంచాయతీవారు విసుగుకొనవచ్చును. పిల్లవాడు అడిగెనను మాట మాత్రము ఊరిలో నిలుచును. పదిమంది పిల్లలడిగిన పిమ్మట పెద్దవాడొకడు అడుగును.

ఈ కోరికలలో విప్లవమేమియు లేదు. ఓడలు ఆపుమని మేమనలేదు, పొగగొట్టములు కూల్చుమనలేదు. ఊరివాని పేరు వ్రాయుమంటిమి. ఊరివానికి నిజము చెప్పుమంటిమి. ఇంతమాత్రమునకే కొందరికి కోపము వచ్చును. రానిండు. కోటలు కట్టినవారి పేర్లు శాసనములలో నున్నవి. ఆ కోటలకు రాళ్లు మోసినవారి పేర్లు లేవు. అది రాజుల కాలపు ఆచారమని సరిపెట్టుకొంటిమి. ఓట్లు వేయు కాలమునకూడ ఆ యాచారమే నడచుచుండగా చదువుకొన్నవారము చూచుచు ఊరకుండినచో, రేపు మా గౌడవెల్లిలో సైరను మ్రోగిన దినమున, అది దేనికొరకు మ్రోగుచున్నదో చెప్పుటకు మాలో ఒక్కడును మిగులడు.